ఎవరూ చెయ్యని ఫోను

మొన్న పొద్దున్నే కొత్తగూడ నుంచి మా చిన్నమ్మ ఫోను చేసింది. గొంతు నిండా కోపం.

"ఏమే, పన్నెండు కొట్టకముందే నెట్టు అయిపోతున్నది. పైసలు పెట్టి రీచార్జి చేయించుకుంటి. నేను సూసింది రెండు ఫోటోలే. వీడే తింటున్నడు, మనవడు! అడిగితే ముట్టనేలేదంటడు. అబద్ధాలు నేర్చిండు."

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తిట్లూ తిన్నాను. కానీ ఏం చెయ్యను చెప్పండి? సరిగ్గా ఇలాంటి తగువునే ఇరవై ఏళ్లు దాటిన కిందట, అదే ఊళ్లో, మా చిన్నమ్మే తీర్చింది. అప్పుడు తీర్పు చెప్పిన మనిషి ఇప్పుడు ఫిర్యాదు చేస్తోంది!

ఆ ముచ్చట చెప్పేముందు ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. తీగ మీద పోయే మాటకు డబ్బు కట్టడమూ, ఆ డబ్బు మిగుల్చుకోవడానికి నానా తంటాలూ పడడమూ నిన్నా మొన్నా మొదలైన సంగతులు కావు మరి.

మా అమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున పెళ్లినాటి టెలిగ్రాములు ఉండేవి. అందులో ఒకటి నాన్న తరఫు దూరపు బంధువు పంపింది. వధూవరుల దీర్ఘ దాంపత్యానికి శుభాకాంక్షలంటూ చక్కటి ఇంగ్లీషు వాక్యం. "చూశావా, ఎంత బాగా రాశాడో!" అని అమ్మ ఏళ్ల తరబడి మురిసిపోయింది. అసలు సంగతేమిటంటే ఆ మహానుభావుడు రాసింది ఒక్క అంకె, 8! తపాలా ఆఫీసులో శుభాకాంక్షల పట్టిక ఒకటి ఉండేది. దీపావళికొక అంకె, పరీక్ష పాసైతే ఒక అంకె, పెళ్లికి ఎనిమిది. పంపేవాడు అంకె వేస్తే చాలు, అందుకున్న ఆఫీసువాళ్లు పూర్తి వాక్యం రాసి ఇచ్చేవాళ్లు. తీగ మీద పోయింది అంకె, మా అమ్మకు అందింది వాక్యం. ఈ రహస్యం నాన్న బయటపెట్టిన రోజు అమ్మ ముఖం చూడాలి!

మన దేశంలో టెలిగ్రాఫు మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది 1855లో. పదహారు మాటలకు, నాలుగు వందల మైళ్ల లోపు దూరానికి, ఒక రూపాయి. ఆ రోజుల్లో రూపాయంటే మాటలా? అందుకే జనం మాటల్ని చింతపండులా పిసికి పొదుపు చేశారు. 'బయలుదేరి రావలెను' అని రెండు ముక్కలు కొడితే ఇంటిల్లిపాదీ ఏడుస్తూ బయలుదేరేవారు. వ్యాపారస్తులైతే ఇంకో ఆకు ఎక్కువ చదివారు. దుకాణం పేరు, వీధి, పేట అన్నీ రాస్తే చిరునామాకే డబ్బు అయిపోతుంది కనుక, ఒకే ఒక్క మాటను తమ తంతి చిరునామాగా ఆఫీసులో నమోదు చేయించుకునేవారు. ఆ మాట కనిపిస్తే చాలు, తంతి సరైన గడప ముందుకు చేరేది. ఈ చిరునామా సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ తర్వాత ట్రంకు కాల్. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో గొంతు దూర్చేది. కూతురి క్షేమసమాచారం అడుగుతూ ఉండగా తల్లుల గుండె ఆ గొంతుకు జారిపోయేది. తర్వాత ఎస్‌.టి.డి. బూతులొచ్చాయి. అద్దాల గదిలో ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే, కన్ను అంకెల మీద, చెవి ఫోను మీద, మనసు పర్సు మీద! రాత్రి బాగా పొద్దుపోయాక రేటు తగ్గుతుందని పిల్లల్ని నిద్రపుచ్చి వరసలో నిలబడ్డ ఇల్లాళ్లు మీలోనూ ఉండే ఉంటారు.

ఇదంతా మనుషుల పొదుపు. ఇక యంత్రాల పొదుపు కథ చూడండి.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫోనులో మాట్లాడుకోవడానికి మధ్యన మోడెం అనే చిన్న పెట్టె కావాలి. కంప్యూటరు భాషను అది ధ్వనిగా మార్చి ఫోను తీగ మీద పంపిస్తుంది, అవతలి పెట్టె మళ్లీ ఆ ధ్వనిని భాషగా మారుస్తుంది. 1970ల చివర్లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఒక పద్ధతి పుట్టింది. కంప్యూటరు రోజంతా ఉత్తరాలను పోగుచేసుకుంటుంది. రాత్రి ఫోను రేటు తగ్గాక అవతలి కంప్యూటరుకు ఫోను చేసి, అన్నీ ఒక్కసారే ఇచ్చేసి, రావలసినవి తీసుకుని, ఫోను పెట్టేస్తుంది. మన ఎస్‌.టి.డి. బూతు దగ్గర నిలబడ్డ ఇల్లాలి తెలివే అది!

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా, అదీ పెద్ద నగరాల్లో మాత్రమే. విద్యార్థులకు 500 రూపాయల ఖాతా ఇచ్చారు. అందులో బొమ్మలు రావు, అక్షరాలే. మనవాళ్లకు అక్షరాలతోనూ చిక్కే. తెలుగు లిపిని ఆ యంత్రాలు ఎరగవు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు కుర్రాళ్లు రోమన్ అక్షరాలతోనే తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆర్‌.టి.ఎస్‌. అని పేరు. 'అమ్మ' అని పంపాలంటే నాలుగు రోమన్ అక్షరాలు, అంటే నాలుగు బైట్లు. ఇవాళ ఫోనులో మనం అచ్చ తెలుగు లిపిలో 'అమ్మ' అని పంపితే పన్నెండు బైట్లు. అమ్మ బరువు పెరిగినా ఇప్పుడు ఎవరూ లెక్క చూడరు, తీగ లావైంది కదా! 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకూ అనుమతి రావడంతో సత్యం ఇన్ఫోవే లాంటివి రంగంలోకి దిగాయి. చిన్న ఊళ్లలో కూడా కంప్యూటరు పక్కన మోడెం కనబడసాగింది.

కొత్తగూడ కథ ఇక్కడ మొదలవుతుంది.

కొత్తగూడ అప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. నర్సంపేటలో బస్సెక్కితే పాకాల అడవి మీదుగా వెళ్లాలి. పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిది, 1213లో కట్టిందంటారు. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ నీళ్లు పొలాలకు తూముల గుండానే పారుతున్నాయి. చెరువు ఎంత పెద్దదైనా తూము తూమే. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకోవడానికి మన ఊళ్లలో నీరటికాడు ఉండేవాడు. అతను తూము ఎత్తి మరిచి నిద్రపోతే పొద్దున్నకి పొలమంతా వృథా నీరు, చెరువులో నెర్రెలు.

మా చిన్నమ్మ అప్పట్లో ఆ ఊళ్లో ఒక సంస్థ ఆఫీసులో లెక్కలు రాసేది. సంస్థ పేరెందుకు లెండి. రెండు గదుల ఆఫీసు, దాన్నానుకునే చిన్నమ్మ వాళ్ల కాపురం. రెండు కంప్యూటర్లు. ముందు గదిలోని దానికి మోడెం, రెండోది వైరుతో మొదటిదానికి కలిపి ఉండేది. ముందు గదిలో కూర్చునేది దగ్గరి తండా నుంచి వచ్చే అమ్మాయి. ఇంటర్ పాసై, నర్సంపేటలో కంప్యూటర్ నేర్చుకుని, వాళ్లింట్లో మొట్టమొదటి జీతం తెచ్చిన పిల్ల.

2002 జనవరిలో ఆఫీసు ఫోను బిల్లు వచ్చింది. ఎప్పుడూ వచ్చేదానికి మూడింతలు! పెద్దాయన కళ్లెర్రజేశాడు. ఫోను ముందు కూర్చునేది ఎవరు? ఆ అమ్మాయి. సాయంత్రం అందరికన్నా ఆలస్యంగా పోయేది ఎవరు? ఆ అమ్మాయి. వయసులో ఉన్నది ఎవరు? ఆ అమ్మాయి. ఇంకేం, తీర్పు అయిపోయింది! "ఎవనితోని మాట్లాడుతున్నవ్?" అని పదిమందిలో అడిగాడట. సగం జీతం పట్టుకున్నాడు.

"నేను చెయ్యలే సారూ, నా తల్లి మీద ఒట్టు" అందట ఆ పిల్ల. ఒట్టు పెడితే బిల్లు తగ్గుతుందా? చిన్నమ్మ ఒక్కతే, "సాక్ష్యం లేకుంట ఆడపిల్లను అంత మాట అనొద్దు సార్" అందట. "మీరు లెక్కలు సూసుకోండ్రి" అని ఆయన జవాబు. "సరే, లెక్కలే సూస్త" అనుకుంది చిన్నమ్మ. పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీ తెరిచింది.

ఫిబ్రవరిలో మేడారం జాతర. నేను డిగ్రీ ముగించి ఇంట్లో ఊరికే ఉన్నాను కనుక జాతర చూడ్డానికి కొత్తగూడ వెళ్లాను. సమ్మక్క భర్త పగిడిద్దరాజును మేడారం తీసుకువెళ్లేది ఆ పక్కనున్న పూనుగొండ్ల నుంచే. ఆ దారంతా కోలాహలం. ఆఫీసుకు తాళం. పెద్దాయన జాతరలో, ఆ అమ్మాయి వాళ్ల తండా జనంతో జాతరలో. మరుసటి రోజు పోదామని చిన్నమ్మా నేనూ ఇంట్లో ఉన్నాం.

రాత్రి పదిన్నరప్పుడు గోడ అవతల నుంచి చప్పుడు. ముందు టకటక అంకెలు నొక్కినట్టు, తర్వాత కీచుమని కూత, ఆ తర్వాత బుస్సుమని గాలి వదిలినట్టు. మోడెం కూత విన్నవాళ్లు ఎప్పటికీ మరిచిపోరు. నాకు ఒళ్లు జలదరించింది. "చిన్నమ్మా, దొంగలు!" అన్నాను. చిన్నమ్మ లాంతరు పట్టుకుని, తాళం తీసి లోపలికి వెళ్లింది. గదిలో ఎవరూ లేరు. రెండు కంప్యూటర్లూ ఆర్పకుండా పోయారు. మోడెం మీద దీపాలు మిణుకుమంటున్నాయి. ఖాళీ గదిలో యంత్రం తనంతట తాను వరంగల్‌కు ఫోను చేసుకుంటోంది!

మేమిద్దరం ఆ రాత్రి నిద్రపోలేదు. చాప పరుచుకుని అక్కడే కూర్చున్నాం. పదకొండు గంటలకు మళ్లీ కూత. పదకొండున్నరకు మళ్లీ. చిన్నమ్మ పాల పుస్తకంలో గీతలు గీస్తూ పోయింది. తెల్లారేసరికి లెక్క తేలింది. అరగంటకొకసారి ఫోను. చేసిన ఫోను వెంటనే పెట్టేయడం లేదు, చాలాసేపు ఊరికే పట్టుకుని ఉంటోంది.

"రోజుకు నలభై ఎనిమిది మాట్లు! ఇదేనే ఆ పిల్ల మిండడు" అంది చిన్నమ్మ, మోడెం వైపు వేలు చూపించి. చిన్నమ్మ నోట అంత మాట నేను అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

జాతర అయ్యాక వరంగల్ నుంచి ఒక ఇంజనీరు కుర్రాడు వచ్చి, మాకర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. ఉత్తరాలు చూసే ప్రోగ్రాముకు అరగంటకొకసారి 'ఏమన్నా వచ్చాయా?' అని అడిగే అలవాటు పుట్టుకతోనే ఉందట. తీగ కలిసి లేకపోతే తనే ఫోను చేసి కలుపుకుంటుంది. ఇది మొదటి తప్పు.

రెండోది ఇంకా తమాషా. ఒకే ఆఫీసులో వైర్లతో కలిపిన కంప్యూటర్లు ఊరుకోవు. 'నేనున్నాను, నా పేరిది, ఫలానావాడు ఉన్నాడా?' అంటూ అస్తమానం దండోరా వేసుకుంటూ ఉంటాయి. సొంత ఊళ్లో దండోరాకు ఖర్చేముంది? కానీ మోడెం ఉన్న కంప్యూటరు ఆ కేకల్ని విని 'బయటి ప్రపంచంతో ఏదో పని పడింది కాబోలు' అనుకుంటుంది. ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే ఫోను పెట్టెయ్యమని దానికి చెప్పి ఉంచారు. కానీ పంతొమ్మిదో నిమిషంలో ఎవరో ఒకరు దగ్గుతారు, లెక్క మళ్లీ మొదటికి! అత్తగారు నిద్రపోయిందనుకుని కోడలు లేవబోతే, 'ఎవరే?' అన్నట్టు.

ఆ కుర్రాడు చేసిన మందులు చిన్నవే. యంత్రం తనంతట ఫోను చేసే సౌకర్యం తీసేశాడు. ఇరవై నిమిషాల్ని మూడు నిమిషాలు చేశాడు. దండోరా కేకలు మోడెం దాకా పోకుండా మధ్యలో జల్లెడ పెట్టాడు. వెబ్ పేజీల్లో బొమ్మలు రాకుండా ఆపాడు. ఎందుకంటే రెండు పేజీల ఉత్తరం ఆ మోడెం మీద ఒకటి రెండు సెకన్లలో పోతుంది, రెండు వందల కిలోబైట్ల బొమ్మ ఒక్కటి రావడానికి దాదాపు నిమిషం పడుతుంది. చివరి మందు చిన్నమ్మకు చెప్పాడు. ఉత్తరాలన్నీ ముందే రాసిపెట్టుకోవాలి. అప్పుడు ఫోను కలిపి, అన్నీ ఒక్కసారి పంపి, వచ్చినవి దించుకుని, ఫోను పెట్టేసి, తర్వాత తీరిగ్గా చదువుకోవాలి. "సంతకు పొయ్యేముందు చీటీ రాసుకున్నట్టే గద బిడ్డా" అంది చిన్నమ్మ. రోజుకు రెండుసార్లు, పొద్దున పదింటికీ, సాయంత్రం నాలుగింటికీ తూము ఎత్తేది. ఆఫీసుకు ఆవిడే నీరటికాడు. తర్వాతి బిల్లు మామూలుకు వచ్చింది.

ఇందాక చిరునామా గుర్తుంచుకోమన్నానే! ఆ కుర్రాడే చెప్పిన ముచ్చట అది. ఇంటర్నెట్‌లో ఏ సంగతీ గంపగుత్తగా పోదు, చిన్న చిన్న పొట్లాలుగా పోతుంది. ప్రతి పొట్లం మీదా నలభై బైట్ల చిరునామా. దూరాన ఉన్న కంప్యూటరు మీద పనిచేస్తూ ఇక్కడ ఒక్క అక్షరం నొక్కారనుకోండి, బైటు సరుకుకు నలభై బైట్ల సంచీ! గోరంత పసుపుకు బస్తా కట్టినట్టు. 1990లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన వాన్ జాకబ్‌సన్ అనే ఆయన ఒక సంగతి గమనించాడు. ఒకే సంభాషణలో వరసగా పోయే పొట్లాల మీద చిరునామా దాదాపు మారదు. మారని దాన్ని ఇద్దరూ గుర్తుపెట్టుకుంటే సరి, మారిన ముక్క మాత్రమే పంపితే చాలు. నలభై బైట్లు మూడు నుంచి ఐదు బైట్లకు దిగాయి. తంతి ఆఫీసులో మన వ్యాపారస్తులు నమోదు చేయించుకున్న ఒంటిమాట చిరునామా గుర్తొచ్చిందా? అమ్మ పెళ్లి టెలిగ్రాములోని ఎనిమిదీ అంతే. రెండు వైపులా ఒకే పట్టిక ఉంటే అంకె చాలు.

యంత్రం సంగతి చక్కబడింది. మరి ఆ అమ్మాయి?

చిన్నమ్మ పాల పుస్తకం తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెట్టింది. ఆయన చూశాడు. పట్టుకున్న సగం జీతం ఇచ్చేశాడు, అదీ కవరులో పెట్టి చిన్నమ్మ చేతనే ఇప్పించాడు. పదిమందిలో అన్న మాటను పదిమందిలో వెనక్కి తీసుకోలేదు. చిన్నమ్మే ఆయన బదులు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "మనసుల పెట్టుకోకు బిడ్డా" అంది. ఆ అమ్మాయి తలూపింది. ఆ నెలాఖరు దాకా పని చేసి మానేసింది. ఎందుకు మానేస్తున్నావంటే, "మాట పడ్డ కాడ ఎట్ల కూసుంటనమ్మా? ఆ మిషన్ కూసినప్పుడల్లా అందరూ నా దిక్కే సూస్తున్నరు" అంది. తర్వాత నర్సంపేటలో ఏదో పని దొరికిందని విన్నాం. అంతే తెలుసు.

నేను కథలు రాయడం మొదలుపెట్టాక ఆ పిల్లను కథలోకి తేవాలని చాలాసార్లు అనుకున్నాను. కుదరలేదు. కథలో అయితే పెద్దాయన క్షమాపణ చెప్పాలని నాకే అనిపిస్తుంది. నిజంలో చెప్పలేదే!

ఆ తర్వాత కాలం మారిపోయింది. 2003 నుంచి సెల్‌ఫోనుకు వచ్చే కాల్ ఉచితమైంది, మనవాళ్లు మిస్డ్ కాల్ కనిపెట్టారు. ఒక మోతకు 'చేరాను', రెండు మోతలకు 'నువ్వే చెయ్యి'. పైసా ఖర్చు లేని టెలిగ్రాం! అసలు టెలిగ్రామేమో 2013 జూలైలో కన్నుమూసింది. మోడెం కూతలు మూగబోయాయి. తీగలు లావై, తర్వాత తీగలే లేకుండా పోయాయి. కానీ యంత్రాల లోపలి దండోరా మాత్రం ఆగలేదు, మన చెవికి వినబడడం మానేసిందంతే. ఇప్పటి ఫోను జేబులో నిద్రపోతున్నట్టే ఉండి లోలోపల ఫోటోలు దించుకుంటుంది, కొత్త కూర్పులు తెచ్చుకుంటుంది, వీడియోలు వాటంతటవే ఆడతాయి. కూత ఉన్న రోజుల్లో కనీసం దొంగ దొరికాడు.

అందుకే మొన్న చిన్నమ్మతో అన్నాను. "వాణ్ణి అనకు. ఫోనులో సెట్టింగులకు పోయి, ఏది ఎంత వాడుకుందో పట్టిక ఉంటది, చూడు. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపెయ్యి. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఇంట్లో వైఫై ఉన్నప్పుడే అని పెట్టు. అప్పటికీ అయిపోతే అప్పుడు వాణ్ణి అడుగుదువు."

అవతల కాసేపు నిశ్శబ్దం. వాట్సాప్‌లో తెల్లారకముందే గుడ్ మార్నింగ్ పూలూ, దేవుళ్లూ దిగే గుంపులు ఎన్ని ఉన్నాయని అడిగాను. లెక్కబెట్టింది. పద్నాలుగు!

"నేను చెప్పిన పాఠం నాకే చెప్తున్నవా?" అంది చిన్నమ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఫోను పెట్టకుండానే, పక్కకు తిరిగి పిలిచింది.

"ఒరే, ఇటు రారా. పొద్దుగాల నిన్ను ఉత్తగనే తిట్టిన."

నేను ఫోను పెట్టెయ్యకుండా వింటూ ఉండిపోయాను. అనవసరంగా లైను ఆక్రమించానంటారేమో. ఆ ఒక్క మాటకు ఎంత బిల్లయినా ఫరవాలేదనిపించింది.